మూడు పలకల మడమ

మూడొందల నలభై డాలర్లు.
స్కూలు బస్సు నడిపి ఏడాదంతా దాచినవి.
వందలు మూడు, ఇరవైలు రెండు,
ఎడమ చేతి తొడుగులో మడిచి పెట్టుకున్నాను.

నెబ్రాస్కాలో ఇసుక గుట్టలు మొదలయ్యే చోట
కుచేరా కొట్టు: సగం విత్తనాలది, సగం ఇనుముది.
తలుపు తీస్తే గంట మోగదు, కుక్క దగ్గుతుంది.
గోడమీద పదకొండు తుపాకులు,
ఒక్కోదానికీ దారంతో కట్టిన ధర చీటీ,
మొదటిరోజు బస్సెక్కే పిల్లల మెడలో పేర్లలాగా.

"పక్షులకేనా?" అన్నాడు లాడిస్లావ్.
"ఫెసెంట్లకి. అవి దొరకని రోజు ప్రెయిరీ కోళ్లకి."
"నడకెంత?"
"కంచె నించి కంచెకి. పొద్దు వాలేదాకా."
అయితే బరువు చూసుకో అన్నాడు,
పొద్దున ఆరు పౌన్లున్నది
మూడో గుట్ట ఎక్కేసరికి పదహారవుతుంది.

మొదట దించింది మహా అందగత్తె.
ఇనుము మీద చెక్కిన కౌజులు, ఆకులు, తీగెలు.
మడత విప్పి ఖాళీయేనని చూసి,
వేలు పెట్టి మళ్లీ చూసి,
ముందు చెక్క ఊడదీసి, మూసి ఊపాను.
టక్కుమంది, పాత గేటు గొళ్లెంలా.
మరలన్నిటికీ నోళ్లు చిరిగి ఉన్నాయి,
ఎవడో కూరగాయల కత్తితో మరమ్మతు చేశాడు.
పైన పటారం, లోన లొటారం.

రెండోది పంపు. నూట తొంభై.
ఏ వంకా లేదు, నాకు సరిపోకపోవడం తప్ప:
పన్నెండు బోరు, మడమ రెండంగుళాలు ఎక్కువ.
కళ్లు మూసుకుని భుజానికెత్తి తెరిస్తే
ఎదురుగా ఇనుమే. ఆకాశం లేదు.

మూడోది మూలన ఉంది. చీటీ లేదు.
ఇరవై బోరు, పక్కపక్కన జంట గొట్టాలు.
కిటికీ వైపు ఎత్తి లోపలికి చూశాను:
వెలుగు ఉంగరాలు, ఒకదాంట్లో ఒకటి,
చివర నాణెమంత పగలు,
అందులో నది అవతలి ధాన్యం గోపురం.
ఎడమ గొట్టంలో గోరంత నీడ. నొక్కు.
"ఉందే," అన్నాను.
"ఉంది," అన్నాడు.
ఇంకా ధరే చెప్పలేదు,
అయినా ఇరవై తగ్గిందని ఇద్దరికీ తెలుసు.

మడమ దగ్గర ఆగిపోయాను.
ఎప్పుడో రంపంతో కోసి పొట్టి చేశారు.
తర్వాత ఒక వాల్‌నట్ పలక అతికారు.
మళ్లీ ఒకటి, రంగు వేరు.
మళ్లీ ఒకటి, ఈసారి ఏ యాపిల్ చెట్టుదో.
తలుపు చట్రం మీద పెన్సిలు గీతల్లా
అరంగుళం, అరంగుళం, అరంగుళం
ఎదిగిన పిల్లాడు.
నాలుగో పలక లేదు.

గొంతులో ఏదో అడ్డుపడింది.
అడిగితే ఇక బేరమాడలేను.
అడిగాను.

లాడిస్లావ్ నవ్వాడు, కుక్క లేచి నిలబడేంతగా.
"మా మిలోష్! ఆరడుగుల నాలుగంగుళాలు!
ఒక్క వేసవిలో మొక్కజొన్నలా లేచాడు.
నాలుగోది అతికించేలోగా
ఇది వాడి చేతిలో చెంచా అయిపోయింది.
ఇప్పుడు నీటి పైపులమ్ముతాడు.
పక్షులంటే వేయించినవే ఇష్టం."

నేను వెంటనే నవ్వలేకపోయాను.
అప్పటిదాకా మోసిన చావునొకదాన్ని
ఎక్కడో ఒకచోట దించాలి కదా.

కళ్లు మూశాను. ఎత్తాను. తెరిచాను.
చెంప తనంతట తనే చెక్క మీద ఆనింది.
గొట్టాల నడుమ గట్టు, చివర ఇత్తడి పూస,
పూస మీద, గోడనున్న విత్తనాల క్యాలెండరులో
అక్టోబరు.

పదమూడేళ్ల మిలోష్ చేయీ
నలభై ఆరేళ్ల నా చేయీ
ఒకే పొడుగు.

మూడొందల అరవై అన్నాడు. నొక్కు చూపించాను.
మూడొందల ఇరవై. పంపు వైపు చూశాను.
మూడొందలు, పైన ఒక పెట్టె తూటాలు.
మిగిలిన నలభై లైసెన్సుకి.
"వాడొచ్చి అడిగితే ఇవ్వొద్దు," అన్నాడు గుడ్డలో చుడుతూ.
కాసేపాగి, "అడగడులే."

పికప్పులో టిల్లీ జరిగి చోటిచ్చింది.
మడమంతా వాసన చూసింది,
యాపిల్ పలక దగ్గర
ఇంకాసేపు.